పటంలో నలక: మౌంటు మీద దుమ్ము, నూగు పడకుండా పటం కట్టడం గురించి

పటాలు కట్టే పనివారికీ, ఫొటోగ్రఫీ విద్యార్థులకూ విజయవాడలో ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం.

పెద్దలకు, ఇదే వృత్తిలో ఉన్న తోటివారికి, ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న యువతీయువకులకు నమస్కారం. నాకు అప్పగించిన విషయం చూడటానికి చాలా చిన్నది. పటం కట్టేటప్పుడు అద్దానికీ బొమ్మకూ మధ్య, ముఖ్యంగా బొమ్మ చుట్టూ పెట్టే మౌంటు అట్ట మీద, దుమ్మూ నూగూ పడకుండా ఎలా చూసుకోవాలన్నదే ఆ విషయం. గంటసేపు చెప్పేంత సరుకు ఇందులో ఉందా అని మీలో కొందరికి అనుమానం కలిగి ఉండవచ్చు. ఒకే పటాన్ని మూడుసార్లు విప్పి నాలుగోసారి కట్టినవారికి మాత్రం ఆ అనుమానం రాదు.

మా నాన్నగారి దుకాణంలో నేను పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో ఒక పెద్దాయన తన తల్లిదండ్రుల పెళ్ళినాటి ఫొటో తెచ్చి పటం కట్టమని ఇచ్చారు. నల్లని మౌంటు, సన్నని బంగారు రంగు బీడింగు, అంటే పటం చుట్టూ చట్రంగా వచ్చే కర్ర, ఆయనే ఎంచుకున్నారు. కట్టింది నేను. వారం తరవాత వచ్చి, పటాన్ని వాకిట్లోకి వెలుతురుకు తీసుకువెళ్ళి, ఫొటో వంక అయినా చూడకుండా, మౌంటు ఎడమ మూల దగ్గర అద్దం మీద చూపుడువేలు ఆనించి, "ఇదేమిటి?" అని అడిగారు. బియ్యపు గింజంత పొడవున్న తెల్లటి నూలు పోగు అది. నేను వెనక కాగితం చించి, మేకులు పీకి, అద్దం తీసి, ఉతికిన కొత్త నూలు గుడ్డతో గట్టిగా తుడిచి మళ్ళీ పెట్టాను. ఈసారి మూడు పోగులు కనిపించాయి. మళ్ళీ తీసి ఇంకా గట్టిగా తుడిచాను. అప్పటిదాకా మాట్లాడకుండా చూస్తున్న నాన్నగారు నా చేతిలోని గుడ్డ తీసుకుని పక్కన పడేసి, "ఇంక తుడవకు, నువ్వు తుడిచేకొద్దీ వస్తోంది" అన్నారు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకోండి.

ముందుగా, ఈ బెడద మౌంటు ఉన్న పటానికే ఎందుకు ఎక్కువో చూద్దాం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టిన తరవాత ఇళ్ళలోకి విస్తారంగా వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలను గుర్తు తెచ్చుకోండి. అలాంటి దేవుడి పటాల్లో చాలావాటికి మౌంటు ఉండదు, బొమ్మకు అద్దం నేరుగా ఆనించి వెనక చెక్క బిగించి ఉంటుంది. ఆ కట్టుడులో నలక పడినా అద్దానికీ కాగితానికీ నడుమ నొక్కుకుపోయి, పడినచోటే ఉండిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. కాని అలా ఆనించి కట్టినందువల్ల మన కోస్తా ఉక్కకు కాగితంలోకి తేమ చేరి, బొమ్మ అద్దానికి అతుక్కుపోతుంది. పాత ఫొటోను అద్దం నుంచి విడదీయబోయి ముఖం సగం అద్దానికే వదిలేసుకున్నవాళ్ళు ఈ గదిలో కూడా ఉండే ఉంటారు. ఆ ప్రమాదం తప్పించడానికే మౌంటు. మామూలు మౌంటు అట్ట మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. అది బొమ్మకూ అద్దానికీ మధ్య అంత గాలి ఖాళీని నిలబెడుతుంది.

ఆ ఖాళీయే బొమ్మను కాపాడుతుంది, ఆ ఖాళీయే నలకకు తిరగడానికి చోటిస్తుంది. బల్ల మీద పటం పడుకోబెట్టి చూసినప్పుడు అద్దం పైభాగంలో ఎక్కడో అంటుకుని కనపడని పోగు, పటం గోడకెక్కి నిలువుగా నిలబడ్డాక, తలుపు చప్పుడుకో వీధిలో లారీ అదురుకో ఊడి కిందికి జారుతుంది. మౌంటు మధ్యలో బొమ్మ కనిపించడానికి కోసిన కిటికీ ఉంటుంది కదా, దాని అంచును 45 డిగ్రీల వాలుగా కోస్తాం. కింది వైపు ఆ వాలు అంచు చిన్న అరుగులాగా ఉంటుంది. జారినవన్నీ వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటాయి. "తీసుకెళ్ళినప్పుడు శుభ్రంగానే ఉంది, వారానికి ఎలా వచ్చింది?" అని కొనుక్కున్నవారు అడిగితే, వెనకనుంచి దూరిందేమో అని మనం తప్పించుకుంటాం గాని, నూటికి తొంభై పాళ్ళు అది మన బల్ల మీద నుంచి వెళ్ళినదే.

రంగు మార్చినా తప్పించుకోలేం. నల్లని మౌంటు మీద తెల్ల పోగు కనిపిస్తుంది, తెల్లని మౌంటు మీద ముదురు రంగు నలక కనిపిస్తుంది. నల్లని మౌంటుకే తెల్లని వాలు అంచు ఉంటే రెండూ కనిపిస్తాయి. కాస్త గరుకు నేత ఉన్న మీగడ రంగు అట్ట ఒక్కటే మన తప్పులను కొంత దాస్తుంది. నల్ల మౌంటు కావాలన్నవారి దగ్గర నేను కొంచెం ఎక్కువ తీసుకుంటాను, ఎందుకో కూడా చెప్పే తీసుకుంటాను. దాని మీద పట్టే సమయం అలాంటిది.

ఇక శత్రువును గుర్తుపట్టడం. ఫొటోగ్రాఫర్లు నెగటివు చూసుకునే పది రెట్ల భూతద్దం మీలో చాలామంది దగ్గర ఉంటుంది. పటంలో పడిన నలకను తీసేసే ముందు ఒక్కసారి దాని కింద పెట్టి చూడండి, ఎక్కడినుంచి వచ్చిందో అదే చెబుతుంది. పొడుగ్గా, మెలికలు తిరిగి, రెండు కొసలూ లేచి ఉంటే అది బట్ట పోగు, తుడిచిన గుడ్డదో మన చొక్కా చేతిదో అయి ఉంటుంది. పొట్టిగా, బొచ్చుబొచ్చుగా, ఒక కొస ఇంకా అట్టకే అంటుకుని ఉంటే అది మౌంటు కోతలో లేచిన కాగితపు పీచు, దాన్ని ఎంత ఊదినా కదలదు. దీపం తిప్పితే మిణుకుమంటే గాజు రజను. లేత గోధుమ రంగు గింజలైతే బీడింగు కోసిన రంపపు పొట్టు. రేకులాగా, చదునుగా, కొంచెం జిడ్డుగా ఉన్నది మన చర్మం నుంచి రాలిన పొలుసు. ఒక్కొక్కదానికి విరుగుడు వేరు. ఇది తెలియకుండా అన్నిటికీ తుడుపు ఒక్కటే మందనుకోవడం వల్లే ఆ రోజు నా పటంలో ఒకటి మూడయింది.

తుడిస్తే ఎందుకు వస్తుందో ఇప్పుడు చెబుతాను. చిన్నప్పుడు దువ్వెనను పొడి తల మీద పదిసార్లు దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అతుక్కోవడం మీరంతా చూసిందే. పొడి అద్దాన్ని పొడి గుడ్డతో రుద్దినప్పుడు జరిగేదీ అదే. రాపిడివల్ల అద్దం మీద విద్యుదావేశం నిలుస్తుంది. ఆవేశం లేని తేలికపాటి పోగు కూడా దాని దగ్గరకు రాగానే, అద్దానికి ఎదురుగా ఉన్న వైపున విరుద్ధ ఆవేశం చేరి, లాక్కోబడుతుంది. మనం గుడ్డతో ఎంత గట్టిగా రుద్దితే అద్దం అంత పెద్ద వల అవుతుంది, పైగా ఆ గుడ్డే పోగులు రాలుస్తూ ఉంటుంది. వల వేసేదీ మనమే, చేపలు వదిలేదీ మనమే. ఆ వల పరిచిన అద్దాన్ని మౌంటు మీద దించితే, మౌంటు మీద పడుకున్న నూగు కూడా లేచి అద్దం లోపలి ముఖానికి పట్టుకుంటుంది. బ్రష్షుతో దులిపిన మౌంటు మీద ఏమీ లేదని మీరు ప్రమాణం చేసి చెప్పినా, అద్దం దించాక కనిపించేది అందుకే.

గాలిలో తేమ ఉన్నప్పుడు అద్దం పైన కంటికి కనపడని నీటిపొర ఏర్పడి, ఆ పొర మీదుగా ఆవేశం జారిపోతుంది. కాబట్టి ఇక్కడ వానాకాలంలో ఈ బాధ తక్కువ. అదే పని హైదరాబాదులో ఫిబ్రవరి, మార్చి నెలల పొడిగాలిలోనో, అనంతపురం ఎండల్లోనో చేసేవారికి రెట్టింపు. ఏసీ గదిలో పనిచేసేవారు సుఖపడుతున్నామనుకుంటారు గాని, ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది గనుక నూగుకు అదే మంచి కాలం. అద్దం బదులు యాక్రిలిక్ పలక, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్ పలక, వాడితే సమస్య ఇంకా ముదురుతుంది. దాని మీద ఆవేశం ఒకసారి చేరితే ఓ పట్టాన వదలదు. యాక్రిలిక్ పలకకు రెండు వైపులా అంటించి వచ్చే రక్షణ కాగితాన్ని సర్రున లాగితే చాలు, ఆ లాగడమే దాన్ని ఆవేశపరుస్తుంది. మెల్లగా, కొద్దికొద్దిగా, పలకను కొంచెం తడి చేసిన గుడ్డతో తాకుతూ తీయాలి. మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాస్టెల్ అనే సుద్దలాంటి రంగు కడ్డీలతో వేసిన బొమ్మలకు, బొగ్గు బొమ్మలకు యాక్రిలిక్ వాడకండి. నూగును లాగే ఆ ఆవేశమే బొమ్మలోని రంగు పొడిని కూడా లాగి పలకకు పూస్తుంది.

చీకటి గదుల కాలంలో ఫొటోగ్రాఫర్లకు ఈ కష్టం మనకంటే ఎక్కువ ఉండేది. నెగటివు మీద ఒక నలక పడితే ప్రింటులో అది తెల్ల చుక్కై కూర్చునేది, దాన్ని సన్నని కుంచెతో రంగు అద్ది మూసేవారు. ఆవేశాన్ని చంపడానికి విదేశాల్లో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న బ్రష్షులు కూడా వాడారు. అది వెలువరించే కణాలు గాలిని అయానీకరించి, అంటే గాలి కణాలకు ఆవేశం ఇచ్చి, నలకను పట్టుకున్న ఆవేశాన్ని తటస్థం చేస్తాయి. పొలోనియం అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, 138 రోజులే కాబట్టి ఏడాది తిరిగేసరికి ఆ బ్రష్షులో బలం పోయేది. మనకు అంత అవసరం లేదు. పొడి గుడ్డ మానేసి కొంచెం తడి గుడ్డ పట్టుకుంటే సగం పని అయినట్టే.

గది విషయానికి వద్దాం. మా మొదటి దుకాణం పక్కన పరుపుల దుకాణం ఉండేది. పొద్దున పదింటికి వాళ్ళు దూది ఏకడం మొదలుపెట్టారంటే సాయంత్రం దాకా వీధంతా మంచు కురిసినట్టు ఉండేది. తలుపు వేసుకున్నా కింది సందులోంచి వచ్చేది. వాళ్ళతో పోట్లాడి లాభం లేదు, వాళ్ళ బతుకు వాళ్ళది. అప్పుడు నాన్నగారు ఒక ఏర్పాటు చేశారు. కోతలు, అతుకులు, మేకులు పగలు, అద్దం మూసే పని మాత్రం తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఏడున్నర లోపు. రాత్రంతా గాలి కదలక, దుమ్మంతా నేల మీదకు దిగి ఉంటుంది. ఆ నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, బల్లను తడిగుడ్డతో తుడిచి, పావుగంట ఆగి మొదలుపెట్టేవాళ్ళం. పరుపుల దుకాణం వాళ్ళు వెళ్ళిపోయి పదేళ్ళు దాటినా నేను ఇప్పటికీ ఆ వేళనే పాటిస్తున్నాను.

చీపురు అన్నాను కాబట్టి ఫ్యాను గురించీ చెప్పాలి. మన దుకాణాల్లో దుమ్ముకు మొదటి కారణం నెత్తి మీద తిరిగే ఫ్యానే. రెక్కల అంచున పేరుకున్న మట్టిని అది రోజంతా రాలుస్తూనే ఉంటుంది, నేల మీద ఉన్నదాన్ని లేపుతూనే ఉంటుంది. విజయవాడ మే నెలలో ఫ్యాను ఆపి పనిచేయమనడం ఎంత అన్యాయమో నాకూ తెలుసు. అందుకే రోజంతా ఆపమనను. మౌంటు దులపడం మొదలుపెట్టినప్పటి నుంచి చుట్టూ టేపు వేసేదాకా పది నిమిషాలు, అంతే. ఆ పది నిమిషాలు నుదుటికి ఒక గుడ్డ కట్టుకోండి. పోగునైతే తీయగలం గాని, మౌంటు మీద పడిన చెమట బొట్టు చేసే మరకను తీయలేం. ఉన్ని, కొత్త నూలు బట్టలు వేసుకుని ఆ పనికి కూర్చోకండి. పొడుగు చేతులుంటే మోచేతి పైకి మడవండి. బల్ల మీద దుప్పటి, తివాచీ ముక్క పరిచే అలవాటు చాలామందికి ఉంది, బీడింగు గీరుకుపోకుండా అది మంచిదే. కాని అది కోతల బల్లకు. మూసే బల్ల మీద తుడవడానికి వీలైన నున్నటి పలక తప్ప ఏమీ ఉండకూడదు. రెండు బల్లలు లేనివాళ్ళు ఒకే బల్లకు రెండు వేళలు పెట్టుకోవాలి.

అద్దం పని చాలామంది తలకిందులుగా చేస్తారు. కోయగానే మూసేస్తారు. మనం వాడే 2 మిల్లీమీటర్ల అద్దాన్ని గీసి విరిచినప్పుడు ఆ అంచుల వెంట కంటికి ఆనని రజను ఉంటుంది. దాన్ని అలాగే చట్రంలో పెడితే, మేకులు కొట్టే అదురుకు రాలి మౌంటు మీదకు జారుతుంది. ఆ గాజు రజను మీద గుడ్డ లాగితే అద్దానికి గీతలు కూడా పడతాయి. కాబట్టి కోసిన వెంటనే నాలుగు అంచులనూ సానరాయితో ఒక్కసారి మెల్లగా రాసి, తడిగుడ్డతో అంచు వెంట తుడిచి, ఆ గుడ్డను వేరుగా పెట్టేయాలి. అది అద్దం ముఖం మీదకు మళ్ళీ రాకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అద్దాల మధ్య గీతలు పడకుండా సన్నని పొడి చల్లుతారు, లేదా కాగితం పెడతారు. ఆ పొడి తడి లేని గుడ్డకు పోదు, నీళ్ళు కావాలి.

తుడిచే పద్ధతి చెబుతాను. మంచి నీళ్ళలో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపి, గుడ్డ మీద చల్లండి, అద్దం మీద కాదు. అద్దం మీద చల్లితే అంచుల్లోకి కారి తరవాత మౌంటును తడుపుతుంది. మైక్రోఫైబరు గుడ్డ మంచిది, కాని కొన్న రోజునే వాడకండి. రెండుసార్లు విడిగా ఉతికి, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం వేయకుండా ఆరబెట్టుకోండి, ఆ ద్రవం అద్దం మీద పొరలా పట్టుకుంటుంది. మొదట బయటి ముఖం, తరవాత లోపలి ముఖం. లోపలిది ఎప్పుడూ ఆఖరున. చివరిసారి రుద్దడం కాదు, కొంచెం తేమ ఉన్న గుడ్డను ఒక వైపు నుంచి మరో వైపుకు ఒక్కసారి లాగి వదిలేయడం, ఆ తేమ తనంతట తనే ఆరిపోవడం. అక్కడితో ఆగాలి. అక్కడ ఆగలేకపోవడమే మన జబ్బు. మెరుపు ఇంకా రావాలని పొడి గుడ్డ తీసి ఇంకో నాలుగు రుద్దులు రుద్దుతాం, అంతా మొదటికొస్తుంది. అమోనియా ఉన్న గ్లాసు క్లీనర్లు గాజుకు సరే గాని యాక్రిలిక్‌కు పనికిరావు, దాన్ని పగుళ్ళు పట్టిస్తాయి. ఇంట్లో అద్దాలు పాత పేపరుతో తుడిచినట్టు ఇక్కడ తుడవకండి. పేపరు నూగు తక్కువే వదులుతుంది గాని, దాని సిరా మన వేళ్ళకు అంటి, వేళ్ళనుంచి మౌంటు అంచుకు అంటుతుంది. ఆ నల్ల ముద్రను నేను రబ్బరుతో తీయబోయి అట్ట ముఖాన్నే తీసేశాను ఒకసారి.

ఇప్పుడు మౌంటు. ఇందులో పడే నలకల్లో చాలావరకు మౌంటు తనలోంచి తనే పుట్టించుకున్నవి. మొండి బ్లేడు అట్టను కోయదు, చించుతుంది. చించినచోట వాలు అంచంతా పీచు లేచి నిలబడుతుంది. బ్లేడు ధర చూసి పొదుపు చేసేవాళ్ళు ఒక పటం విప్పి కట్టడానికి పట్టే గంట సమయం ధర కూడా వేసుకోవాలి. నేనైతే నల్ల మౌంటుకు ప్రతిసారీ కొత్త బ్లేడే. మౌంటును బోర్లా వేసి వెనకనుంచి కోస్తాం కదా, కింద ఎప్పుడూ మరో అట్ట ముక్క ఆనుగా ఉండాలి, బ్లేడు మౌంటును దాటి ఆ ముక్కలోకి కొద్దిగా దిగాలి. కింద ఆను లేకపోతే, లేదా పాత కోతల గాడి మీదే మళ్ళీ కోస్తే, బ్లేడు బయటికి వచ్చేచోట అట్ట ముఖం చివికి బొచ్చు లేస్తుంది. ఆ ఆను ముక్క మీద గాజు రజను గాని ఇసుక గాని ఉంటే బోర్లా ఉన్న మౌంటు ముఖం గీరుకుపోతుంది, అది దుమ్ముకాదు గనుక దానికి మందే లేదు. కోశాక వాలు అంచును నున్నటి ఎముక పలకతోనో, ఏదీ లేకపోతే స్టీలు చెంచా వెనక భాగంతోనో, మధ్యలో పల్చని కాగితం పెట్టి, ఒక్కసారి మెల్లగా నొక్కుతూ జరపండి. లేచిన పీచు పడుకుంటుంది. మూలల్లో వేలాడే పోగును లాగకండి. లాగితే దాని వెంట ఇంకాస్త లేచి వస్తుంది, కొత్త బ్లేడు కొసతో తెగ్గోయండి.

దులపడానికి పొడుగు వెంట్రుకల మెత్తని బ్రష్షు, ఫొటోగ్రాఫర్లు లెన్సు మీద దుమ్ము ఊదడానికి నొక్కే రబ్బరు బుడ్డి చాలు. నోటితో ఉఫ్ అని ఊదడం మాత్రం ఈ రోజుతో మానేయండి. కనపడని ఉమ్మి తుంపర అప్పుడు తెలియదు, ఆరాక నల్ల మౌంటు మీద మెరిసే చుక్కై తేలుతుంది. కంప్రెసరు ఉన్నవాళ్ళు దాని గాలిలో నూనె, నీరు వస్తాయని గుర్తుంచుకోవాలి. అదీగాక, గాలి దుమ్మును పోగొట్టదు, ఇక్కడిది అక్కడ పెడుతుంది. మౌంటును గోడకు ఆనించి గది మధ్యకు ఊదితే ఆ నూగు నిమిషంలో తిరిగి బల్ల మీదకే వస్తుంది. అంటుకున్న పోగును తీయడానికి చేత్తో పిసికితే ముద్దయ్యే రబ్బరుతో అద్ది ఎత్తాలి గాని రుద్దకూడదు. మామూలు రబ్బరుతో రుద్దితే రబ్బరు పొడే కొత్త నలకలవుతుంది. వెల్వెట్ వేసిన మౌంటు సంగతి అడగకండి. సన్మాన పత్రాలకు, జ్ఞాపికలకు మనవాళ్ళు మెరూన్ వెల్వెట్ తప్ప ఒప్పుకోరు. దానికి ఒక్కటే దారి, జిగురు తక్కువ ఉన్న టేపును వేలికి తిరగేసి చుట్టుకుని, వెల్వెట్ నేత వాలిన వైపే అద్దుతూ పోవడం.

మూసే పని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే చివరికి అంతా ఇక్కడే తేలుతుంది. చట్రం గాడిలోని రంపపు పొట్టును ముందే, వేరే చోట, బ్రష్షుతో తీసి పెట్టుకోండి. వెనక అట్ట, దాని మీద మౌంటుకు అతికించిన బొమ్మ, ముఖం పైకి ఉండేట్టు బల్ల మీద పెట్టండి. ఫ్యాను ఆపండి. బ్రష్షుతో బొమ్మ మధ్య నుంచి బయటికి, వాలు అంచు దాటించి, మౌంటు అంచు దాకా ఒకే దిశలో దులపండి. సెల్‌ఫోను టార్చి వెలిగించి మౌంటు పక్కన, అట్టతో సమానంగా వాల్చి పట్టుకోండి. నెత్తి మీద నుంచి వేసిన దీపానికి కనపడని పోగు, పక్కనుంచి వేసిన దీపానికి తన నీడతో సహా దొరుకుతుంది. ఇప్పుడు అద్దాన్ని అంచుల మీదే పట్టుకుని, ఒక అంచును మౌంటు అంచుకు ఆనించి, పుస్తకం అట్ట మూసినట్టు మెల్లగా దించండి. చటుక్కున వదిలితే లోపలి గాలి ఒక్కసారిగా పక్కలకు కొట్టుకుని, బల్ల మీది నూగును లోపలికి లాక్కొస్తుంది.

దించాక వెంటనే చట్రంలో పెట్టకండి. మొత్తం కట్టను రెండు చేతులా పట్టుకుని నిలువుగా నిలబెట్టి, వెనక అట్ట మీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టండి. గోడ మీద వారానికి జారేవన్నీ ఇక్కడే జారి కింది వాలు అంచు మీదకు వస్తాయి. మళ్ళీ టార్చి. ఒక్కటి కనిపించినా మొత్తం తెరవకండి, తెరిస్తే ఒకటి పోయి రెండు వస్తాయి. సన్నగా కోసిన గట్టి కాగితపు పట్టీ కొసకు తక్కువ జిగురు టేపును జిగురు బయటికి ఉండేట్టు చుట్టి, అద్దాన్ని ఆ వైపు మాత్రం రెండు వేళ్ళంత ఎత్తి, పట్టీ దూర్చి, నలకను తాకి వెనక్కి తీయండి. పట్టీ మీద నలక కనిపించేదాకా పని పూర్తయినట్టు కాదు. "పోయినట్టుంది" అనుకున్న నలక నాకెప్పుడూ మూలలోనే తిరిగి దొరికింది.

శుభ్రంగా ఉందనిపించిన క్షణాన అద్దం అంచు నుంచి వెనక అట్ట దాకా చుట్టూ సన్నని టేపు వేసి మూసేయండి. అద్దం ముఖం మీదకు టేపు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి రాకుండా చూసుకుంటే బీడింగు పెదవి, అంటే అద్దం మీదకు వచ్చే దాని ముందు అంచు, దాన్ని కప్పేస్తుంది. మన దగ్గర చాలా దుకాణాల్లో ఈ మెట్టు లేదు. అద్దం, మౌంటు, వెనక చెక్క విడివిడిగా గాడిలో వేసి మేకులు కొట్టేస్తారు. ఒక్కో సుత్తి దెబ్బకు గాడిలో మిగిలిన పొట్టు అద్దం అంచు చుట్టూ తిరిగి లోపలికి వెళ్తుంది, మీరు అప్పటిదాకా చేసిందంతా వృథా. టేపు వేసిన కట్టకు ఆ భయం లేదు, సుత్తి ఎంతసేపు కొట్టినా లోపలిది లోపలే. అదే టేపు తరవాత వంటింటి పొగనూ, అగరొత్తుల మసినీ, పుస్తకాల పురుగునూ కూడా చాలాకాలం ఆపుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. ముసురు పట్టిన రోజుల్లో మౌంటు అట్ట తేమ పీల్చుకుని ఉంటుంది, ఆ తేమను లోపల పెట్టి మూసేస్తే కొన్ని నెలలకు గోధుమ రంగు చుక్కలు తేలుతాయి. కొన్నవారు దాన్ని దుమ్మనే అంటారు గాని అది బూజు, విప్పి తుడిచినా పోదు. వానల్లో అట్టను పొడి బీరువాలో ఒకటి రెండు రోజులు ఉంచి, తెరిపిచ్చిన రోజునే మూయడం మంచిది.

వెనక బ్రౌన్ పేపరు అంటించడం, కింది రెండు మూలలకు చిన్న రబ్బరు బిళ్ళలు వేయడం మీకు తెలిసిందే. ఆ బిళ్ళలు గోడకూ పటానికీ మధ్య గాలి ఆడనిస్తాయి, గోడ చెమ్మ నేరుగా వెనక కాగితానికి చేరదు.

శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు కట్టించుకునేవారు ఈ మధ్య పెరిగారు. అది నూలు బట్ట, నూగు దానిలోనే ఉంది, దాన్నుంచి నూగు రాకుండా ఆపగలమని నేను చెప్పను. బట్టను అద్దం నుంచి దూరంగా, లోతైన చట్రంలో పెట్టి, అంచుల్లో ఊడే పోగులను కత్తిరించి వెనక్కి మడిచి కుట్టి, ఆ తరవాత నిలువుగా తట్టే పరీక్ష మూడు నాలుగుసార్లు చేస్తే, మిగిలినది బట్ట అందంలో కలిసిపోతుంది. ఇది లోపం కాదు, బట్ట స్వభావం అని కొన్నవారికి ముందే చెప్పాలి. చెప్పకుండా ఇస్తే మాత్రం అది లోపమే.

అలాగే, గోడ మీద ఉన్న పెద్దవాళ్ళ పటాలకు దండ వేసి, అద్దం మీద కుంకుమ, గంధం పెట్టే ఇళ్ళలో ఒక చిక్కు ఉంది. ఆ బొట్టు ఆరి పొడై కిందికి రాలి, అద్దానికీ బీడింగు పెదవికీ మధ్య సందులోంచి లోపలికి దిగుతుంది. ఎర్రని నలకలు కనిపించిన ఏ పటం బాగుకు వచ్చినా నేను ముందు ఇదే అడుగుతాను. చుట్టూ టేపు వేసిన కట్టలోకి ఆ కుంకుమ రాదు. పాత పటాలు బాగుచేసేటప్పుడు ఈ ఒక్క మార్పు చేసి ఇవ్వండి. ఆ ఇంట్లో అలవాటును మానమని చెప్పే పని మనది కాదు.

నేను తెచ్చిన ఈ నల్ల మౌంటు, ఈ అద్దం, ఇంకా మూయలేదు. మాటల్లో చెప్పింది బల్ల మీద చూపిస్తాను, ముందు వరుసలోవారు దగ్గరకు రండి, వెనకవారు నిలబడి చూడవచ్చు. ఎవరి దగ్గరైనా సెల్‌ఫోను టార్చి ఉంటే వెలిగించి నా ఎడమవైపు నిలబడండి. తలుపు దగ్గర ఉన్న బాబూ, ఆ నాలుగు ఫ్యాన్లూ ఒక్క పది నిమిషాలు ఆపు.